కన్ను గల బాణము

కృష్ణా జిల్లాలో అవనిగడ్డ, నాగాయలంకలు దాటి దక్షిణమునకు పోయినకొలది నేల పలుచబడి, మడ అడవులును, ఉప్పునీటి పాయలును, చేపల చెరువులును ఒకదానితో నొకటి కలిసిపోయి, ఎచ్చట భూమి ముగియునో ఎచ్చట సముద్రము మొదలగునో చెప్పుట కష్టమైన చోట గుల్లలమోద అను చిన్న గ్రామము కలదు. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెన దివిసీమను ముంచివేసిన తరువాత, ఆ తీరము పేరు చెప్పినంతనే తెలుగువారి మనస్సున గాలియు నీరును మాత్రమే మెదలుచుండెను. ఇప్పుడు ఆ పేరు వేరొక కారణమున వార్తలకెక్కినది. 2025 మే 2వ తేదీన అమరావతి సభనుండి ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన క్షిపణి పరీక్షా కేంద్రము, సుమారు 1,460 కోట్ల రూపాయల వ్యయముతో, నాగాయలంక మండలములోని ఈ తీరముననే నిర్మితము కానున్నది. ప్రయోగ వేదికయు, స్వదేశీ రాడారులును, ఎగిరిన క్షిపణిని కనిపెట్టి చూచు కాంతి పరికరములును అందు భాగములు. రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థ ఇచ్చట పరీక్షింపదలచినవి ఖండాంతరములు దాటు మహాక్షిపణులు కావు. నేలనుండి ఆకాశమునకు పేల్చునవి, ట్యాంకులను ఛేదించునవి, అనగా యుద్ధభూమిలో సైనికునికి అందుబాటులో నుండు పొట్టి దూరపు అస్త్రములు.

ఆ జాతిలో అన్నిటికంటె చిన్నది భుజముపై పెట్టుకొని పేల్చు విమాన విధ్వంసక క్షిపణి. మనిషి ఎత్తు కంటె కొంచెము తక్కువ పొడవుగల గొట్టము, దానికొక పిడి, గురి చూచుకొనుటకొక చట్రము, మొత్తము మీద పదునైదు పదునెనిమిది కిలోల బరువు. ఒక్క జవాను మోసికొనిపోయి, కొండ చరియ మీదనో పొలము గట్టు మీదనో నిలిచి, కోట్ల రూపాయల విమానమును కూల్చగలడు. దీని చరిత్రను కొంత శ్రద్ధగా చదివిన మీదట నాకు తోచినదేమనగా, ఇందలి మందుగుండు ఒక వంతు, రాకెట్టు ఒక వంతు, మిగిలిన రెండు వంతులును కంటి కథయే. ఏ యుగమున ఈ బాణము మెరుగుపడినను దాని కన్ను మెరుగుపడుట చేతనే. ఎక్కడ ఓడిపోయినను కన్ను మోసపోవుట చేతనే.

ఆ కారణముచేతనే బందరు (మచిలీపట్నము) పట్టణమునకు ఇట్టి విద్యతో దూరపు చుట్టరికము కాదు, దగ్గర చుట్టరికమే కలదని నా అభిప్రాయము. 1926లో, అనగా స్వాతంత్ర్యమునకు రెండు దశాబ్దులు ముందు, మచిలీపట్నమున ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ స్థాపింపబడి, శాస్త్ర పరికరములను, కాంతి పరికరములను తయారుచేయుట కారంభించెను. గాజును అరగదీసి, మెరుగుపెట్టి, వెండ్రుకలో నూరవ వంతు తేడాకు సైతము లొంగకుండ కటకముగా దిద్దు పని ఓర్పుగల పని. యంత్రము సగము చేసినను మిగిలిన సగము చేయి చేయవలసినదే. అట్టి చేతులు బందరులో రెండు తరములు తయారైన తరువాత, 1983లో ఆ సంస్థను భారత్ ఎలక్ట్రానిక్స్ తనలో కలుపుకొనెను. ఆ పిమ్మట బందరు కర్మాగారమునుండి సైన్యమునకు చీకటిలో చూపునిచ్చు దుర్భిణులు, తుపాకులకు అమర్చు రాత్రి గురి పరికరములు, వేడిని చిత్రముగా చూపు సాధనములు వెళ్లుచున్నవి. గుడివాడకు చేరువలో, పామర్రు మండలము నిమ్మలూరున, సుమారు 360 కోట్ల వ్యయముతో నిర్మించిన రాత్రి దృశ్య పరికరముల నూతన కర్మాగారము 2025 అక్టోబరు 16వ తేదీన జాతికి అంకితమైనది. వరిచేల నడుమ ఇట్టి కర్మాగారమేమిటని వింతపడువారుందురు గాని, వందేండ్ల నాటి విత్తనము తెలిసినవారికి అందు వింత లేదు.

ఇక అసలు కథకు వత్తము.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నము మీదను కాకినాడ మీదను బాంబులు వేసినప్పుడు కోస్తా జనము ఇండ్లు వాకిళ్లు వదలి పల్లెలకు పరుగెత్తిరి. ఆనాటికి విమానమనగా తప్పించుకొనవలసిన వస్తువే గాని, నేలమీది మనిషి ఎదిరింపదగిన వస్తువు కాదు. విమాన విధ్వంసక ఫిరంగులు లేకపోలేదు. కాని అవి టన్నుల బరువుగలవి, ఒక్కొక్కదానికి పెద్ద జట్టు కావలెను, వానిని రేవులకును రాజధానులకును కాపు పెట్టుదురే గాని బాటవెంట నడచిపోవు పదాతిదళమునకు ఒసగరు. చెట్ల కొనలను రాచుకొనుచు వచ్చు యుద్ధవిమానము కంటికి కనబడునది కొద్ది సెకనులు మాత్రమే. ఆ కొద్ది సెకనులలో రైఫిలు పట్టినవాడు చేయగలిగినది పల్లమున బోర్లపడుటయే.

రెండవ ప్రపంచ సంగ్రామము ముగియు తరుణమున జర్మనులు దీనికొక ఉపాయము వెదకిరి. తొమ్మిది గొట్టములనొక కట్టగా బిగించి, ఒక్కొక్క గొట్టమున ఇరువది మిల్లీమీటర్ల చిన్న రాకెట్టునుంచి, భుజము మీదనుండి గుత్తిగా వదలు ఆ ఆయుధమునకు ఫ్లీగర్‌ఫౌస్ట్ అని పేరు. రాకెట్లు ఎగిరినవి గాని, గొట్టము దాటగానే తలకొక దిక్కుకు పోయినవి. విమానమును చేరులోపల అవి చెదరిపోవుట ఆపగల శక్తి ఎవ్వరికిని లేదు. భుజము మీద మోయదగినంత మందుగుండుతో విమానమును కూల్చవలెనన్న, నూరు వదలుట కాక ఒక్కటే వదలి, ఆ ఒక్కటియే తన దారి తాను చూచుకొనునట్లు చేయవలెనను పాఠమును ఆ వైఫల్యము నేర్పెను.

దారి చూపునది వేడి. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముతో విడదీసి, ఎరుపు రంగు ముగిసిన తరువాతి చీకటి భాగమున ఉష్ణమాపకమునుంచగా, అచ్చట రంగేమియు లేకున్నను పాదరసము పైకి లేచెను. కంటికి కనబడని ఆ కిరణములే పరారుణ కిరణములు. వేడి గల ప్రతి వస్తువును వానిని వెదజల్లును. ఎంత వేడియైన అంత పొట్టి తరంగములు. జెట్ విమానపు తోకగొట్టము ఎర్రగా కాలుచుండును గనుక రెండు మైక్రానుల ప్రాంతపు కిరణములు అందుండి ధారగా వెలువడును. సీస గంధకిదము అను పదార్థము ఆ కిరణములు సోకినప్పుడు తన విద్యుత్ నిరోధమును మార్చుకొనును. ఈ రెండు సంగతులను జతపరచినచో యంత్రమునకు ఒక కన్ను ఏర్పడినట్లే. విమానమునుండి విమానముపై వేయు సైడ్‌వైండర్ క్షిపణికి అమెరికనులు 1950 ప్రాంతమున ఇట్టి కన్నునే పెట్టిరి. దానిని మణికట్టు లావుకు కుదించి పదాతి సైనికుని భుజమెక్కించు ప్రయత్నము ఆ దశాబ్దము చివర ఆరంభమై, రెడ్ ఐ అను పేర 1960 దశకము ఉత్తరార్ధమున సైన్యమును చేరెను. సోవియట్ యూనియనులో కొలోమ్నా పట్టణపు శిల్పులు నిర్మించిన స్ట్రెలా-2 సైన్యమున ప్రవేశించినది 1968లో.

ఈ కన్ను పనిచేయు తీరు ఒకింత నిదానముగా చూడదగినది. క్షిపణి ముక్కున గాజుగోపురము. దాని వెనుక చిన్న దర్పణము. దర్పణము కేంద్రీకరించిన కాంతి పోవు దారిలో గీతలు చెక్కిన పలుచని బిళ్ల. ఆ బిళ్ల సెకనుకు అనేక పర్యాయములు గిరగిర తిరుగుచుండును. ఆకాశమంతయు పరచుకొనియున్న మేఘపు వెలుతురు గీతల సందులనుండి ఎల్లప్పుడును సమానముగా దూరును. కాని విమానపు తోకవంటి చిన్న వేడి చుక్క మాత్రము ఒక గీతచే కప్పబడి, మరు క్షణమున బయటపడి, తటతట కొట్టుకొనుచు విద్యుత్ సంకేతమగును. ఆ కొట్టుకొను లయలోని తేడానుబట్టి చుక్క మధ్యనున్నదా, ఎడమకున్నదా, పైకున్నదా అని యంత్రము తెలిసికొనును. ఒక్క బిళ్లతో, ఒక్క గ్రాహకముతో, గణనయంత్రము లేని కాలమున ఇంత చేసిరన్న ఆ శిల్పుల మేధకు నమస్కరింపవలసినదే.

చూచినంత మాత్రమున చాలదు, తగులుకొనవలెను. విమానము ఇప్పుడున్న చోటునకు గురిపెట్టి పోయినచో, క్షిపణి చేరువేళకు అది అచ్చట నుండదు. కనుక క్షిపణి పాటించు నియమము నాగాయలంక పడవవానికి తెలిసినదే: ఎదుటినుండి వచ్చు పడవ మన చూపునకు ఒకే దిక్కున నిలిచియుండి, అంతకంతకు పెద్దదగుచున్నచో రెండును ఢీకొనక తప్పదు. పడవవాడు ఆ స్థితిని తప్పించుకొనును, క్షిపణి దానినే కోరి తెచ్చుకొనును. కంటి దిక్కు ఏ మాత్రము కదలినను రెక్కలను త్రిప్పి, ఆ కదలిక సున్న అగునట్లు తన దారిని దిద్దుకొనుచు పోయినంత, ముందుచూపు లేని యంత్రమునకు ముందుచూపు దానంతట అదే వచ్చును.

పేల్చువాని వైపునుండి చూచినను ఇది ఉత్కంఠ గల పనియే. అమెరికా వారి స్టింగర్ జాతి క్షిపణిలో పిడి దగ్గర పిడికిలి వంటి చిన్న డబ్బీ నొకదానిని బిగింతురు. మీట నొక్కినంతనే అందలి ఆర్గాను వాయువు మిక్కిలి ఒత్తిడినుండి విడివడి, బుస్సుమని పోయి కంటిలోని గ్రాహకమును గడ్డకట్టించును; అదే డబ్బీలోని విద్యుద్ఘటము యంత్రమునకు ప్రాణమిచ్చును. ఆ ప్రాణము నిమిషమునకు లోపే, సుమారు నలువదియైదు సెకనులు. అంతలో విమానము దొరకనిచో డబ్బీ వ్యర్థము. కన్ను వేడిని పట్టుకొన్నంతనే పేల్చువాని చెవిలో ఒక సన్నని కూత వినబడును. అది స్థిరపడినప్పుడే ట్రిగ్గరు. అప్పుడు మొదట చిన్న మోటారు మండి క్షిపణిని గొట్టమునుండి బయటకు నెట్టి ఆరిపోవును. క్షిపణి కొన్ని మీటర్లు పోయిన తరువాతనే పెద్ద మోటారు అంటుకొనును. ఈ ఏర్పాటు లేనిచో మొదట కాలునది శత్రు విమానము కాదు, పేల్చినవాని ముఖము. అటుపిమ్మట ధ్వనికి రెట్టింపు వేగమున నాలుగైదు కిలోమీటర్ల దూరము పోవుటకు దానికి పట్టునది పది సెకనులకు కొంచెము పైగా.

తొలి తరము కన్ను మందదృష్టి గలది. కాలుచున్న తోకను తప్ప మరి దేనిని చూడలేదు. కనుక బాంబు వేసి వెడలిపోవు విమానమును వెంటాడవచ్చును గాని, వేయవచ్చుచున్నదానిని ఆపలేదు. సూర్యుని వైపు త్రిప్పినచో సూర్యునినే వలచును. 1969లో సూయెజ్ కాలువ తీరమున ఈజిప్టు సైనికులు, 1972లో దక్షిణ వియత్నామున ఉత్తరపు సైనికులు స్ట్రెలాను ప్రయోగించిరి. హెలికాప్టరులును, మెల్లగా పోవు విమానములును చాల కూలినవి. కాని జెట్ విమానములలో పెక్కు తోక చిరిగి, పొగ గ్రక్కుచునే ఇల్లు చేరినవి, ఏలయన పేలుడు భాగము కిలోకు కొంచెము మించినది మాత్రమే. ఇజ్రాయెలువారు ఈ సంగతి గ్రహించి తమ స్కైహాక్ విమానముల తోకగొట్టములను పొడిగించిరి: తగులునది ఎట్లును వేడి కొసకే గనుక, ఆ కొసను ప్రాణస్థానములకు దూరముగా జరిపిరన్నమాట. యుద్ధమున ఇంత చౌకైన సమాధానములు అరుదు.

గ్రాహకమును చల్లబరచుట రెండవ తరపు మెరుగు. చల్లని గ్రాహకము పొడవాటి తరంగములను కూడ చూడగలదు. అప్పుడు తోకయే కాక, వెనుక విడుచు వేడిగాలి ధారయు, గాలి రాపిడికి వెచ్చబడిన రెక్క అంచును కనబడును. అనగా ఎదురుగా వచ్చు విమానమును ఎదురుగానే కొట్టవచ్చును. దీనికి ప్రతిగా విమానములు మెగ్నీషియము మంటలను గుత్తులు గుత్తులుగా జారవిడుచుట నేర్చుకొన్నవి. క్షిపణి మంటవెంట పోయి, విమానము బయటపడును. దానికి ప్రతిగా మూడవ తరపు క్షిపణికి రెండు రంగుల చూపునిచ్చిరి: మంటకును ఇంజనుకును తరంగముల పాళ్లు వేరు గనుక, రెండింటిని పోల్చి నకిలీని తోసిపుచ్చును. 1980 దశకమున వచ్చిన రష్యా ఇగ్లా, అమెరికా స్టింగరుల మెరుగైన రూపములు ఇట్టివే. పరారుణమునకు తోడు అతినీలలోహిత కిరణములను చూచుట స్టింగరు ఎత్తు. ఆకాశమునిండ ఆ కాంతి యుండగా విమానము అందులో నల్లని నీడవలె కనబడును. నాలుగవ తరము కన్ను చుక్కను గాక బొమ్మను చూచును. విమానపు ఆకారమునే గుర్తించినదానికి మంట చూపి మభ్యపెట్టుట కష్టము.

ఇంత తెలివి క్షిపణికెందుకు, మనిషి కన్ను లేదా యని బ్రిటిషువారు వేరు దారి పట్టిరి. వారి బ్లోపైప్ క్షిపణిని పేల్చినవాడు బొటనవ్రేలితో చిన్న పుల్లను త్రిప్పుచు రేడియో ద్వారా విమానము వరకు తోలవలెను. 1982 ఫాక్లండ్ యుద్ధమున ఇరుపక్షములవారును దీనిని వాడి, ఇరుపక్షములవారును విసుగుచెందిరి. ప్రాణభయముతో వణకుచున్న మనిషి వ్రేలు అంత సున్నితమైన పనికి తగదు. స్వీడను వారు ఇంతకంటె తెలివిగా, లేజరు కిరణము నొకదానిని విమానముపై నిలిపినచో క్షిపణి ఆ కిరణము వెంటనే పోవునట్లు 1970 దశకమున ఆర్‌బీఎస్-70ని నిర్మించిరి. బ్రిటిషువారి స్టార్‌స్ట్రీక్ తరువాతి కాలమున అదే బాట పట్టినది. ఇట్టివానిని మంటలు మోసగింపలేవు, కాని పేల్చినవాడు చివరిదాక నిలిచి గురి పట్టియుండవలెను. హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ సంస్థ బ్రిటనులోని థేల్స్ సంస్థతో ఈ లేజరు జాతి క్షిపణుల కొరకు 2025 ఫిబ్రవరిలో ఒప్పందము చేసికొన్నది గనుక, ఈ రెండవ సంప్రదాయమునకు కూడ తెలుగునేలపై పాదు కుదిరినదనవచ్చును.

1986 సెప్టెంబరు 25న ఆఫ్గనిస్థానులోని జలాలాబాదు విమానాశ్రయము చెంత ముజాహిదీను జట్టొకటి స్టింగరులతో మూడు సోవియట్ హెలికాప్టరులను కూల్చిన నాటినుండి ఈ ఆయుధము లోకప్రసిద్ధమయ్యెను. యుద్ధమును మలుపు త్రిప్పినది స్టింగరే అని కొందరును, సోవియట్ నిష్క్రమణ నిర్ణయము అంతకు ముందే జరిగినదని కొందరును చరిత్రకారులు వాదించుకొనుచున్నారు. ఎంతమాత్రము సందేహము లేనిది మాత్రము, పైలట్లు ఎత్తునకు పోయిరనుట. ఎత్తునకు పోయిన విమానమునకు నేల సరిగా కనబడదు, బాంబు సరిగా పడదు. కూల్చిన విమానములకంటె కూలుదుమను భయముచే దూరముగా మెలగిన విమానములే ఈ ఆయుధపు అసలు విజయమని నేననుకొందును.

మన దేశము ఆ పాఠమును కార్గిల్‌లో నేర్చినది. 1999 మే 27న ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత నడుపుచున్న మిగ్-27 ఇంజను ఆరిపోగా ఆయన గాలిగొడుగుతో దిగి శత్రువులకు చిక్కెను; సహచరుని జాడ కనుగొనుటకు ఆ ప్రాంతముననే ఆగి తిరిగిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా మిగ్-21ను భుజముపైనుండి పేల్చిన క్షిపణి కొట్టెను. ఆయన తిరిగి రాలేదు. మరునాడే ఎం.ఐ-17 హెలికాప్టరొకటి అట్టి క్షిపణికే కూలి నలుగురు సిబ్బందియు మరణించిరి. ఆ పిమ్మట దాడి పనినుండి హెలికాప్టరులను తప్పించి, క్షిపణికి అందని ఎత్తునుండి మిరాజ్-2000లతో లేజరు బాంబులను వేయించిరి. మూడు వంతుల యుద్ధతంత్రము ఒక గొట్టమునకు జడిసి మారిపోయెను.

తేలికదనమే ఈ ఆయుధపు గుణము, తేలికదనమే దోషము. ఫిరంగిని దొంగిలించుట కష్టము. గొట్టమును బస్తాలో చుట్టి సరిహద్దు దాటింపవచ్చును. ఆఫ్గన్ యోధులకు పంచిన స్టింగరులలో మిగిలినవానిని అమెరికా గూఢచారి సంస్థయే ఎదురు డబ్బిచ్చి కొనవలసివచ్చెను. 1978 సెప్టెంబరులో రొడీషియా దేశపు ప్రయాణిక విమానము స్ట్రెలాకు గురియై కూలెను. 1994 ఏప్రిల్ 6న కిగాలీలో దిగబోవుచున్న రువాండా అధ్యక్షుని విమానమును క్షిపణి కూల్చినది. ఆ మరునాటినుండి అచ్చట జరిగిన నరమేధము లోకమెరుగును. 2002 నవంబరులో మొంబాసా విడిచిన ఇజ్రాయెలు విమానమునకు రెండు క్షిపణులు గురి తప్పుట వట్టి అదృష్టము. 2003 నవంబరులో బాగ్దాదునుండి లేచిన సరకు విమానము రెక్కకు దెబ్బ తగిలి, రెక్కలను కదల్చు ద్రవమంతయు కారిపోగా, సిబ్బంది రెండు ఇంజనుల వేగమును హెచ్చించి తగ్గించి మాత్రమే దానిని త్రిప్పుకొని నేలకు దింపిరి. ఇట్టివానిని చూచియే వాసెనార్ కూటమి దేశములు ఈ ఆయుధముల అమ్మకమునకు కఠిన నియమములు పెట్టుకొన్నవి. భారతదేశము 2017 డిసెంబరున ఆ కూటమిలో చేరినది.

కన్నునకు విచక్షణ లేదనుట మరియొక చిక్కు. దశరథుడు చీకటిలో నీటి చప్పుడు విని ఏనుగనుకొని శబ్దభేది బాణము వేసి, మునికుమారుని చంపిన కథ మనవారికి చెప్పనక్కరలేదు. వేడి మిత్రునికిని శత్రునికిని ఒక్కటే. అందుచే పేల్చుటకు ముందు రేడియో ద్వారా ‘నీవెవడవు’ అని అడిగి జవాబు రాబట్టు పెట్టెను గొట్టమునకు జతపరుతురు. ఆ ప్రశ్న సరిగా అడగబడనప్పుడేమగునో 2019 ఫిబ్రవరి 27న బడ్గాములో చూచితిమి. అది భుజముపైని క్షిపణి కాకున్నను, మన క్షిపణియే మన హెలికాప్టరును కూల్చినది.

చిరకాలము మన సైన్యము రష్యా ఇగ్లాలతోనే కాలము గడపెను. 1983లో మొదలైన కలాముగారి క్షిపణి కార్యక్రమమున అగ్ని, పృథ్వి, ఆకాశ్, త్రిశూల్, నాగ్ ఉన్నవి గాని భుజమునకెక్కునది లేదు. చిన్నదానిని చేయుట పెద్దదానిని చేయుటకంటె కష్టమని చెప్పుటకు అంతకంటె నిదర్శనము వలదు. కన్ను, మెదడు, కండరము, మందుగుండు అన్నియు మణికట్టంత గొట్టములో ఇమడవలెను. ఎండలో వానలో బురదలో జవాను భుజమున దెబ్బలు తిని కూడ పనిచేయవలెను. హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ దీనిని సాధించుటకు పూనుకొని, తాను రూపొందించిన అతిస్వల్పదూర క్షిపణిని 2022 సెప్టెంబరు 27న ఒడిశాలోని చాందీపూరు తీరమున తొలిసారి ఎగురవేసెను. దాని కన్ను బొమ్మను చూచు తరమునది. కేవలము రెక్కలనే నమ్ముకొనక, ప్రక్కలకు వాయువు చిమ్మి దారి మరల్చుకొను చిన్న మోటారులును అందు కలవు. దాని పరిధి సుమారు ఆరు కిలోమీటర్లు. 2024 అక్టోబరు 3, 4 తేదీలలో పోఖ్రాను ఎడారిలో మూడు పర్యాయములు, 2025 ఫిబ్రవరి 1న చాందీపూరులో మూడు పర్యాయములు పరీక్షించిరి. ఈ 2025 పరీక్షలలో లక్ష్యములు తక్కువ వేడితో, తక్కువ ఎత్తున పోవు డ్రోనులను పోలినవి. పేల్చినవారు శాస్త్రజ్ఞులు కారు, ఇద్దరు క్షేత్ర సిబ్బంది. ప్రయోగశాల వస్తువు ఆయుధమగుటకు ఈ చివరి సంగతియే ముఖ్యమైన గుర్తు.

డ్రోనులే ఇప్పటి బెడద. చిన్న డ్రోనుకు తోకలో మంట లేదు, బ్యాటరీ మోటారు వెచ్చదనము జెట్ ఇంజను వేడి ముందు మిక్కిలి స్వల్పము. దానిని చూడవలెనన్న కన్ను మరింత చురుకైనది కావలెను; పైగా చౌక డ్రోనును ఖరీదైన క్షిపణితో కూల్చుట లాభసాటి బేరము కాదు. 2025 మే నెలలో పడమటి సరిహద్దున డ్రోనులు గుంపులుగా వచ్చినప్పటినుండి ఈ లెక్క మన సైన్యమునకు పుస్తకములోని లెక్క కాదు.

ఇట్టి పరీక్షలే రేపు గుల్లలమోదలో జరుగగలవు. తూర్పును దక్షిణమును సముద్రమే గనుక శకలములు జనముపై పడు భయము లేదు. కాని ఆ సముద్రము ఖాళీగా లేదు. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యపు మడలలో నీటిపిల్లులు తిరుగాడుచుండును, చలికాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకపై గ్రుడ్లు పెట్టును, అన్నిటికి మించి నాగాయలంక, కోడూరు మండలముల జాలరులు ఆ నీటిపైననే బ్రతుకుచున్నారు. ఒడిశాలో తాబేళ్ల కాలమున క్షిపణి ప్రయోగములు నిలుపుటకు రక్షణ సంస్థ అంగీకరించినది. చాందీపూరు చుట్టుపట్ల పల్లెలవారిని పరీక్షదినమున తాత్కాలికముగా తరలించినప్పుడు పరిహారము చెల్లించుచున్నారు. ఆ మర్యాదలు దివిసీమకును వర్తింపవలెను. సముద్రమును మూయు తేదీలను ఇంగ్లీషు ప్రకటనలలో గాక, వేట కెళ్లు ముందే, ఊరి మైకులో, తెలుగులో చెప్పించి, పోయిన వేటదినమునకు కూలి కట్టి ఇచ్చు పద్ధతిని కేంద్రము తెరువకముందే వ్రాతపూర్వకముగా ఏర్పరుపవలసినదిగా అధికారులను కోరుచున్నాను.